కొంగ కూలిన ఏడాది

నేను ఒక వించ్‌ని. ఈ మాట వినగానే మీలో చాలామంది నొసలు ముడివేస్తారని తెలుసు. విమానమంటే అందరికీ తెలుసు. గ్లైడర్ అంటే కొందరికి తెలుసు. ఆ గ్లైడర్‌ను ఆకాశంలోకి లాగి వదిలిపెట్టే నాలాంటి దాని గురించి తెలిసినవాళ్ళు బహు తక్కువ. గ్లైడర్‌కు ఇంజన్ ఉండదు. పొడుగాటి రెక్కలు, సన్నటి ఒళ్ళు, ముందర అద్దపు మూత కింద ఒక మనిషో ఇద్దరో, అంతే. దాన్ని ఎవరో ఒకరు పైకి చేర్చాలి. గాలిపటం ఎగరేసేవాడు దారం పట్టుకుని పరుగెత్తుతాడు చూడండి, నేను చేసేదీ ఇంచుమించు అదే. కాకపోతే నేను పరుగెత్తను. మైదానానికి ఈ కొసన కదలకుండా కూర్చుని, ఆ కొసన ఉన్న గ్లైడర్‌కు తగిలించిన ఉక్కు తీగను నా డ్రమ్ముకు గబగబా చుట్టుకుంటాను. అది నేలమీద పరుగెత్తి, లేచి, నా నెత్తిమీదికి వచ్చేసరికి తీగను వదిలేస్తుంది. ఆ తర్వాత దాని దారి దానిది. ఎండకు వేడెక్కి పైకి లేచే గాలిని వెతుక్కుంటూ, గద్దలా గుండ్రంగా తిరుగుతూ, ఎంతసేపు ఉండగలిగితే అంతసేపు పైన ఉంటుంది. నేను ఇక్కడ చల్లబడుతుంటాను.

ఇప్పుడు నా నివాసం ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆవరణలో రేకుల పందిరి కింద. నాకు పచ్చరంగు వేసి, ముందర ఒక బోర్డు పెట్టారు. అందులో నా గురించి నాలుగు వాక్యాలున్నాయి. రెండు తప్పు. పిల్లలు నా ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటారు; బోర్డు మాత్రం ఎవరూ చదవరు కాబట్టి ఆ తప్పుల వల్ల ఎవరికీ నష్టం లేదు. ఆ బోర్డు మీద లేని సంగతి ఒకటుంది. అందులో ఒక చావు ఉంది. అయినా దిగులు పడకండి. నిశ్చింతగా చెప్పుకోగలిగే చోటికి ఆ కథ వచ్చి ఆగింది గనకే చెబుతున్నాను.

నేను పుట్టుకతో వించ్‌ను కాను. నా ఇంజన్ ఒకప్పుడు తాడిపత్రి నుంచి బండలు మోసే లారీలో ఉండేది. ఒకనాడు గుత్తి దగ్గర మలుపులో ఆ లారీ వాగులోకి దొర్లింది. డ్రైవర్ ఓబులేసు ఒక్క గీత కూడా పడకుండా బయటికి వచ్చాడు. లారీ మాత్రం ఇక లారీగా పనికిరాకుండా పోయింది. ఓనరు దాన్ని ముక్కలుగా అమ్మకానికి పెట్టాడు. ఇంజన్ కొనడానికి వచ్చిన ఆసామి సన్నగా, తెల్లచొక్కా జేబు మీద సుద్దపొడి మరకతో, చంకలో గొడుగుతో ఉన్నాడు. ఆయన పేరు శేషాచలం. హైస్కూల్లో సైన్సు మాస్టారు.

"దీన్ని ఏ బండికి పెడతారు సార్?" అని అడిగాడు ఓబులేసు.

"బండికి కాదప్పా. దీంతో మనుషుల్ని ఆకాశానికి పంపల్ల" అన్నాడు మాస్టారు.

ఓబులేసు ఓనరు వైపు చూశాడు. ఓనరు ఆకాశం వైపు చూశాడు. బేరం మాత్రం కుదిరింది. ఇంజన్‌ను ఎడ్లబండి మీద తిమ్మంపల్లి మైదానానికి చేర్చినప్పుడు, దాన్ని స్టార్టు చేసి చూపించడానికి ఓబులేసు కూడా వచ్చాడు. సాయంత్రానికి వెళ్ళిపోవలసినవాడు. వెళ్ళలేదు. ఇరవై ఏళ్ళకు పైగా నా సీట్లోనే కూర్చున్నాడు.

తిమ్మంపల్లి మైదానం యుద్ధకాలంలో విమానాల కోసం చదునుచేసి, యుద్ధం అయిపోగానే మరిచిపోయిన ఎర్రనేల. చుట్టూ వేరుశనగ చేలు. అనంతపురం జిల్లా ఎండ గురించి మీకు వేరే చెప్పనక్కర్లేదు. అందరూ తిట్టుకునే ఆ ఎండే గ్లైడర్లకు ప్రాణం. మాస్టారు ఈ సంగతి కనిపెట్టి, తనలాంటి పిచ్చి ఉన్నవాళ్ళను నలుగురిని పోగుచేసి, రాయల గ్లైడింగ్ క్లబ్బు అని పేరు పెట్టాడు. ఆ నలుగురిలో ముఖ్యుడు పశువుల డాక్టరు మహబూబ్ బాషా. పెద్ద ఒళ్ళు, పెద్ద నవ్వు. ఆయన పైకి వెళ్ళేటప్పుడు నా ఇంజన్ మూలుగులో తేడా వస్తుందని ఓబులేసు వెక్కిరించేవాడు. తర్వాత కొన్నేళ్ళకు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే భారతి వచ్చి చేరింది. పొద్దంతా చెవిలో జనం గోల విని విని, గోల లేని చోటు ఏదైనా ఉందా అని వెతుక్కుంటూ వచ్చానని చెప్పింది. మాస్టారే ఆమెకు నేర్పాడు.

మా దగ్గర రెండు గ్లైడర్లు ఉండేవి. ఇద్దరు కూర్చునేది పాతది, బరువుది. దాన్ని అందరూ అవ్వ అనేవాళ్ళు. ఒక్కరు కూర్చునేది తెల్లగా, నాజూగ్గా ఉండేది, అది కొంగ. అవ్వలో నేర్చుకుని, ధైర్యం వచ్చాక కొంగ ఎక్కాలి. ప్రతి ఆదివారం ఇదే మా తిరునాళ్ళు. ఆకాశంలో పది నిమిషాల కోసం నేలమీద పొద్దంతా చెమటోడ్చే ఈ మనుషుల్ని చూస్తే నాకు ఎప్పుడూ నవ్వే. గ్లైడర్‌ను తోయాలి, తీగ ఈడ్చాలి, రెక్క కొసను పట్టుకుని పరుగెత్తాలి, ఎండలో నిలబడి తన వంతు కోసం కాచుకోవాలి. అదే పని ఎవరైనా కూలికి పెడితే ఒక్కరూ రారు.

ఆ ఏడాది ఉగాది దాటిన రెండో ఆదివారం. వడగాడ్పులు ఇంకా మొదలు కాలేదు. గాలి మెత్తగా ఉంది, ఆకాశంలో దూదిపింజల్లాంటి మబ్బులు. ఇలాంటి రోజు కోసం వీళ్ళు ఏడాదంతా ఎదురు చూస్తారు. కొంగలో మొదటి వంతు డాక్టరుది. ఆయన అప్పటికే టోపీ పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పక్క ఊరి నుంచి ఒక రైతు సైకిల్ మీద రొప్పుతూ వచ్చి, తన బర్రె ఈనలేక అల్లాడుతోందని చెప్పాడు. డాక్టరు టోపీ తీసి మాస్టారి నెత్తిన పెట్టాడు.

"నువ్వు పో సామీ. నేను దూడను బయటికి తీసి వస్తా. నాకింత గాలి మిగిలించు" అన్నాడట.

భారతి కొంగ అద్దపు మూత మూసి, గొళ్ళెం వేసి, రెక్క కొస పట్టుకుంది. జెండా ఊపారు. ఓబులేసు నన్ను నెమ్మదిగా కదిలించి, తీగ బిగుసుకోగానే బలం పెంచాడు. కొంగ లేచింది. సగం ఎత్తులో ఉండగా ఎదురుగాలి ఒక్కసారి విసురుగా కొట్టింది. నేను మామూలు కంటే గట్టిగా లాగినట్టయింది. పైన కొంగ తోకను ఇటూ అటూ ఆడించింది. వేగం తగ్గించమని సంకేతం. ఓబులేసు వెంటనే తగ్గించాడు. మిగతాదంతా సాఫీగా జరిగింది. నా నెత్తిమీదికి వచ్చాక మాస్టారు తీగ వదిలాడు. తీగ తన కొసన ఉన్న పారాచూట్ లాంటి చిన్న గొడుగుగుడ్డ విప్పుకుని నిదానంగా కిందికి దిగింది. కొంగ పడమర వైపు, రాబందులు తిరుగుతున్న చోటికి పోయింది. రాబందులు ఎక్కడ రెక్క ఆడించకుండా తిరుగుతాయో అక్కడ గాలి పైకి లేస్తున్నట్టు గుర్తు. గ్లైడర్ నడిపే వాళ్ళందరూ వాటిని చూసే దారి పడతారు.

చాలాసేపు అది తెల్లటి చుక్కలా మెరుస్తూనే ఉంది. ఓబులేసు బీడీ ముట్టించుకున్నాడు. కాసేపటికి తల ఎత్తి చూస్తే చుక్క లేదు. పడమర చేలలో నుంచి జనం కేకలు వినిపించాయి. ఓబులేసు బీడీ పారేసి పరుగెత్తాడు. ఇంజన్ ఆపడం కూడా మరిచిపోయాడు. ఎవరో వచ్చి ఆపేదాకా నేను ఊరికే తిరుగుతూనే ఉన్నాను.

కొంగ నిట్టనిలువునా వచ్చి వేరుశనగ చేలో పడిందని చూసినవాళ్ళు చెప్పారు. రాయి పడినట్టు పడిందట. మాస్టారు అక్కడికక్కడే పోయాడు. ఆయన వయసు నలభై ఆరు.

అంత్యక్రియలకు బెంగుళూరు నుంచి, పూనా నుంచి కూడా గ్లైడర్ మనుషులు వచ్చారు. అందులో సగంమంది మాస్టారిని ఒక్కసారైనా చూసినవాళ్ళు కారు. ఇంజన్ లేకుండా ఎగిరేవాళ్ళు దేశమంతా కలిపినా ఒక పెళ్ళిపందిరికి సరిపోతారు. అందుకని ఒకరు పోతే అందరి ఇంట్లోనూ పోయినట్టే. శ్మశానం నుంచి నేరుగా మైదానానికి వచ్చి, షెడ్డు నీడన నిలబడ్డారు. గాలి ఎటునుంచి వీచింది, ఎంత ఎత్తులో ఉన్నాడు, రెక్కలు ఎక్కడ దొరికాయి అని అడిగారు. బెంగుళూరు ఆయన ఒకడు గాలి వేగం గురించి చాలాసేపు వివరంగా మాట్లాడి, మాట మధ్యలో ఆపేసి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

తర్వాత ఢిల్లీ నుంచి విచారణాధికారి వచ్చాడు. ముక్కల్ని ఏరి షెడ్డులో పరిచాడు. నన్ను ఆపి, నా డ్రమ్ముకు సీలు వేశాడు. ఆయన మంచివాడే, మాట తక్కువ మనిషి. కాని మాట తక్కువ మనిషి వచ్చి వెళితే ఊరు మిగతా మాటలు తనే పూరిస్తుంది. వించ్ లాగిన కుదుపుకు రెక్క విరిగిందని కొందరన్నారు. మూత సరిగా వెయ్యలేదని కొందరన్నారు. ఈ రెండింటికంటే చెడ్డ మాట ఇంకొకటి పుట్టింది. రాయిలా నిట్టనిలువునా పడటమేమిటి, సరిచేసుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదంటే ఏమిటి అర్థం, మాస్టారికి ఏవో మనసులో కష్టాలున్నాయట, కావాలనే కూల్చుకున్నాడట అని. మొదట ఎవరన్నారో తెలియదు. బస్టాండులో టీ కొట్టు దగ్గర పుట్టిన మాట మాస్టారి కూతురు చదివే బడిదాకా పోయింది.

ఆ రోజుల్లో నేను గమనించిన సంగతి ఒకటి చెప్పాలి. ఊరివాళ్ళు నేరస్తుడి కోసం బయట వెతికారు. క్లబ్బువాళ్ళు ఒక్కొక్కరూ తమలోనే వెతుక్కున్నారు. తానే గట్టిగా లాగాననీ, ఆ కుదుపుకే ఏదో పగిలిందనీ ఓబులేసు నమ్మాడు. గొళ్ళెం పూర్తిగా పడిందో లేదో చెయ్యిపెట్టి చూశానా లేదా అని భారతి రోజూ గుర్తు చేసుకునే ప్రయత్నం చేసింది. ఎంత ప్రయత్నిస్తే అంత గుర్తులేకుండా పోయింది. తన వంతు మాస్టారికిచ్చి పంపానని డాక్టరు అనుకున్నాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఎదురుపడితే చెప్పవలసి వస్తుందేమోనని ముగ్గురూ మైదానానికి రావడం మానేశారు. ఎవరి తప్పును వాళ్ళు ఇంట్లో దాచిపెట్టుకున్నారు. మనుషులు వేరే ఏ ఆస్తినీ అంత భద్రంగా కాపాడుకోవడం నేను చూడలేదు.

ఆదివారాలు వచ్చి పోయాయి. అవ్వ మీద దుమ్ము పేరుకుంది. నా చక్రాల చుట్టూ పల్లేరు తీగలు పాకాయి. కుక్క ఒకటి వచ్చి నా నీడలో పిల్లల్ని పెట్టింది. ఓబులేసు మాత్రం ఉండబట్టలేక అప్పుడప్పుడూ వచ్చేవాడు. సీలు వేసిన డ్రమ్మును ముట్టుకోకుండా, ఇంజన్ మీద దుమ్ము తుడిచి, మెట్టు మీద కూర్చుని వెళ్ళేవాడు.

అలా కూర్చుని ఉన్న ఒక మధ్యాహ్నం మాస్టారి భార్య సుభద్రమ్మ వచ్చింది. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్ళకు ఎర్రదుమ్ము. ఇన్నేళ్ళలో ఆమె ఆ మైదానంలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఆమెకు ఎత్తులంటే భయం. భర్త ఎగరడం చూడలేనని ఇంట్లోనే ఉండేది. ఓబులేసు గబుక్కున లేచి తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఓబులేసు అంటే నువ్వేనాప్పా?"

"అవునమ్మా."

"ఆయన్ను కడసారిగా పైకి పంపింది నువ్వే గదా. ఆ పొద్దు ఎట్లున్నాడు? మొగం దిగులుగా ఏమన్నా ఉన్నిందా?"

నవ్వుతూ ఉన్నాడమ్మా, నాకు చెయ్యి ఊపినాడమ్మా అని చెప్పి ఉంటే ఆమె ఆ మాట పట్టుకుని ఇంటికి పోయేది. చెప్పాలని ఓబులేసు నోటిదాకా వచ్చింది కూడా. కాని అతను అబద్ధం చెప్పలేకపోయాడు.

"నేనుండేది ఈ కొసనమ్మా. సారుండేది ఆ కొసన. ఇంత దూరం నుంచి మొగం కనపడదు."

"సరేలే" అంది ఆమె. "మా పాపను బళ్ళో పిల్లోళ్ళు అడుగుతాండారంట. మీ నాయన ఎందుకట్ల చేసుకున్న్యాడని. దానికి ఏం చెప్పల్లనో నాకు తెలీక వచ్చినా" అంది.

ఓబులేసు తన కుదుపు సంగతి చెప్పేయబోయాడు. "అమ్మా, తప్పు నాదేనేమో..." అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తోంది. ఆమె కనుమరుగయ్యేదాకా నిలబడి చూసి, అతను నా చక్రానికి తల ఆనించి ఏడ్చాడు. నా దగ్గర చమురుగుడ్డ తప్ప ఇంకేమీ లేదు, తుడవడానికి.

సంగతి తేలింది ఒక గొర్రె జబ్బు పడటం వల్ల.

మైదానానికి పడమరగా, కొంగ పడిన చేను కంటే ఇంకా కోసు దూరంలో, గుట్ట కింద మారెక్క అనే ముసలామె గొర్రెలు మేపుకుంటూ ఉండేది. ఆమె గొర్రెకు కడుపుబ్బరం వస్తే డాక్టరును పిలిపించింది. ఆయన వెళ్ళి మందు పోసి, చేతులు కడుక్కుంటూ గుమ్మం పక్కకు చూశాడు. అక్కడ కోడిపిల్లల్ని గద్దలు ఎత్తుకుపోకుండా రాళ్ళ దడి కట్టి, దాని మీద మూతగా ఒంపు తిరిగిన అద్దం ముక్క పెట్టి ఉంది. చాటంత ముక్క. అద్దమంటే గాజు కాదు. గ్లైడర్ మూతకు వాడే పారదర్శకమైన ప్లాస్టిక్కు. ఆయన దాని కింద కూర్చుని ఎన్నో గంటలు ఎగిరినవాడు. చూడగానే గుర్తుపట్టాడట.

"అవ్వా, ఇది యాడిది నీకు?"

"మింద నుంచి పడింది నాయనా. బలే ఉందే, కోడిపిల్లలకు ఎండ తగుల్తుంది, గద్ద తగలదని తెచ్చి పెట్టినా. ఏం, నీదా?"

"ఎప్పుడు పడింది?"

"ఉగాది అయినాక. దీంతోబాటే రాబందు గూడా పడింది. నా నెత్తిన పడాల్సింది, దేవుని దయ. ఏం రోగమొచ్చి సచ్చిందో పాపం అనుకున్నా. దాని బొమికలు ఆ గుట్ట పక్కనే ఉండాయి, చూస్తావా?"

"మైదానం కాడ గ్లైడర్ పడింది తెలుసునా నీకు?"

"ఎవురో అనుకుంటాన్న్యారు. అది ఆడెక్కడో గదా పడింది. ఇది ఈడ పడింది" అంది మారెక్క. ఆ రెంటికీ సంబంధం ఉండవచ్చని ఆమెకు ఎందుకు తడుతుంది? ఎవరూ ఆమెను వచ్చి అడగలేదు కూడా.

డాక్టరు గుట్ట పక్కకు వెళ్ళి చూశాడు. పశువుల డాక్టరు కదా, చచ్చిన జీవిని చూసి ఎలా చచ్చిందో చెప్పడం ఆయనకు కొత్త కాదు. రాబందు రెక్క ఎముక, రొమ్ము ఎముక రెండూ పగిలి ఉన్నాయి. నేలమీద పడితే పగిలే పగులు కాదది. దేన్నో బలంగా గుద్దుకుంటే పగిలేది. అద్దం ముక్క పగిలిన అంచులో గోధుమరంగు ఈక ఇరుక్కుని ఉంది. ఆయన ఆ ముక్కను తన పైపంచెలో చుట్టి, బదులుగా ఒక కొత్త వెదురు గంప కొనిస్తానని మారెక్కకు మాటిచ్చి, మోటారుసైకిల్ మీద నేరుగా మైదానానికి వచ్చాడు. ఓబులేసు నా మెట్టు మీదే ఉన్నాడు. ఇద్దరూ ఎదురుపడి నెలలైంది.

"నువ్వు గాదు ఓబులేసూ" అన్నాడు డాక్టరు, బండి స్టాండు కూడా వెయ్యకుండానే. "నువ్వూ గాదు, ఆ పిల్లా గాదు. నేనూ గాదు."

ఓబులేసుకు ఏమీ అర్థం కాలేదు. డాక్టరు పైపంచె మూట విప్పి ముక్క చూపించి, మొదటి నుంచి చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆ పెద్ద మనిషి నా పక్కన మట్టిలో చతికిలబడిపోయాడు.

"నా వంతు ఆయనకిచ్చి పంపినానని ఇన్ని దినాలు నిద్రపోలేదప్పా" అన్నాడు.

"మీరా సార్? మీరేం చేసినారు? నేను గదా గట్టిగా లాగినా" అన్నాడు ఓబులేసు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకే చావుకు ఇద్దరు నేరస్తులు తామే తామేనని వాదించుకోవడం విని ఉంటే మాస్టారు పగలబడి నవ్వేవాడు. భారతిని పిలిపించారు. ఆమె అద్దం ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. దాని అంచున, విరిగిన చట్రం ముక్కతో సహా, గొళ్ళెం ఇంకా వేసే ఉంది. మూత పగిలింది గాని గొళ్ళెం ఊడలేదు. ఆమె ఆ గొళ్ళేన్ని వేలితో తడుముతూ, "వేసినా. నేను వేసినా" అని మాత్రం అంది. మళ్ళీ మళ్ళీ అదే అంది.

విచారణాధికారి తిరిగి వచ్చాడు. గుట్ట చూశాడు, ఎముకలు చూశాడు. షెడ్డులో పరిచిన కొంగ ముక్కల్ని మళ్ళీ మొదటి నుంచి పరిశీలించాడు. సీటు పట్టీల మడతల్లో లోతుగా ఇరుక్కున్న మెత్తటి ఈకలు దొరికాయి. మొదటిసారి చూసినప్పుడు చేలో గాలికి వచ్చి అంటుకున్నవనుకుని వదిలేశారట. రెక్కలు గాలిలో విరగలేదనీ, నేలను తాకాకే విరిగాయనీ కూడా తేల్చాడు. నా సీలు తీసే రోజున క్లబ్బువాళ్ళందరినీ పిలిచాడు. సుభద్రమ్మను భారతి వెంటబెట్టుకుని తీసుకొచ్చింది.

అరవదేశం నుంచి ఢిల్లీ ఉద్యోగానికి పోయినవాడట, ఆయన అరవం కలిసిన తెలుగులో చాలా మెల్లగా చెప్పాడు. రాబందు ఎదురుగా వచ్చి మూత పగలగొట్టి మాస్టారి తలకు తగిలింది. ఆ దెబ్బతోనే ఆయనకు స్పృహ పోయి ఉంటుంది, బహుశా ప్రాణం కూడా. అటు తర్వాత గ్లైడర్ నడిపేవాడు లేకుండా కొంతదూరం తానే పోయి, ముక్కు దించి పడిపోయింది. ఎవరూ చెయ్యదగింది ఏమీ లేదు.

సుభద్రమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. "ఆయనంతట ఆయన చేసుకున్న్యది కాదు గదా?"

"కాదమ్మా. ఆయనకు ఏమీ తెలిసి ఉండదు. పైన ఉన్నంతసేపు బాగానే ఎగిరాడు."

ఆమె నా మెట్టు మీద కూర్చుంది. ఏడుస్తుందని అందరూ భయపడ్డారు. ఆమె ఏడవలేదు. చాలా రోజులుగా బిగబట్టిన ఊపిరి విడిచినట్టు దీర్ఘంగా నిట్టూర్చింది. భారతి ఇచ్చిన చెంబు తీసుకుని నీళ్ళు గటగటా తాగింది.

"బడి ఎన్ని గంటలకు వదుల్తారు?" అంది. "మా పాప ఇంటికొచ్చేలోపల నేను ఇంట్లో ఉండల్ల. దానికి చెప్పల్ల."

డాక్టరు ఆమెను మోటారుసైకిల్ మీద తీసుకుపోయాడు. బడి గేటు దగ్గరే ఆగి, పిల్లల ముందరే గట్టిగా చెప్పాడని తర్వాత విన్నాను. ఆయన గొంతు గురించి మీకు తెలియదు. ఆ వీధి సగం విని ఉంటుంది.

ఊరటకు ఒక విచిత్రమైన గుణం ఉంది. అది రాగానే అందరూ ఒక్కసారిగా మాటకారులైపోయారు. నెలల తరబడి దాచుకున్నవన్నీ ఆ వారంలోనే బయటపెట్టేశారు. మాస్టారు చేసిన తమాషాలు, తిట్టిన తిట్లు, ఒకసారి దారి తప్పి ఒక పెళ్ళి ఊరేగింపు ముందు దిగిపోతే పెళ్ళివారు గంధం పూసి భోజనం పెట్టి పంపడం, అన్నీ చెప్పుకున్నారు. మొదటిసారి ఆయన కోసం తృప్తిగా ఏడ్చారు. అంతకుముందు ఏడ్చింది ఆయన కోసం కాదు, తమ కోసం.

అందరూ తిరిగి రాలేదు. ఇద్దరు సభ్యులు ఇళ్ళవాళ్ళకు మాటిచ్చి మానేశారు. డాక్టరు మళ్ళీ ఎగరలేదు. "భయం గాదు, మనసు రాదు" అన్నాడు. ప్రతి ఆదివారం వచ్చి తీగ లాగడం, జెండా ఊపడం మాత్రం మానలేదు. బెంగుళూరువాళ్ళు తమ దగ్గర ఉన్న పాత ఒంటిసీటు గ్లైడర్ ఒకదాన్ని లారీ మీద పంపించారు. ఊరికే.

క్లబ్బు మళ్ళీ తెరిచిన రోజున మొదట ఎవరు వెళ్ళాలన్నది ఎవరూ అడగలేదు. భారతి వెళ్ళి దాంట్లో కూర్చుంది. ఓబులేసు నా దగ్గరికి వచ్చాడు. పల్లేరు తీగలు పీకేశాడు. కుక్కపిల్లల్ని ఒక్కొక్కటిగా గంపలో పెట్టి దూరంగా చేర్చాడు. తర్వాత నా సీట్లోకి ఎక్కాడు. నన్ను స్టార్టు చేస్తే మొదటిసారి దగ్గి ఆగిపోయాను. నా తప్పు కాదు, చమురు గడ్డకట్టింది. రెండోసారికి అందుకున్నాను. జెండా ఊగింది. తీగ బిగిసింది. లాగుతున్నంతసేపు అతను ఊపిరి తీశాడో లేదో నాకు తెలియదు. నా నెత్తిమీద చప్పుడు లేకుండా తీగ వదులైంది, గొడుగుగుడ్డ విప్పుకుంది, భారతి ఉత్తరానికి తిరిగి పోయింది. ఓబులేసు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె దిగి, చక్రం నేలను తాకి, దుమ్ము లేచి, ఆగేదాకా అలాగే చూస్తూ ఉన్నాడు. అప్పుడు నన్ను మెల్లగా తట్టాడు, ఎద్దును తట్టినట్టు.

భారతి తర్వాత నేర్పే గురువైంది. ఏళ్ళు గడిచాయి. మాస్టారి కూతురు చదువు ముగించి బళ్ళారిలో ఉద్యోగంలో చేరిన ఏడాది, ఒక ఆదివారం ఉదయం సుభద్రమ్మ మళ్ళీ మైదానానికి వచ్చింది. చీర కొంగు నడుముకు బిగించి దోపుకుంది.

"నాకు ఎత్తంటే భయం. అయినా ఒక్కసారి చూడల్ల. ఆయన పైన ఏం చూసేవాడో చూడల్ల. నన్ను తీసుకపోతావా భారతీ?"

అవ్వలో ముందుసీటులో ఆమెను కూర్చోబెట్టి పట్టీలు బిగించారు. డాక్టరు తనే వచ్చి మూత మూసి, గొళ్ళెం మీద అరచేయి ఆనించి చూసి, దూరంగా జరిగాడు. ఓబులేసు ఆ రోజు నన్ను నడిపినంత మెత్తగా ఎప్పుడూ నడపలేదు. నిండుకుండ మోసుకుపోతున్నట్టు లాగాను.

వాళ్ళు చాలాసేపు పైనే ఉన్నారు. మొదటిసారి ఎక్కినవాళ్ళు కాసేపటికే దించమంటారు. ఆమె అడగలేదు. దిగాక భారతి మూత తెరిస్తే సుభద్రమ్మ లేవలేదు. అలాగే కూర్చుని ఉంది. డాక్టరు కంగారుగా పరుగెత్తాడు.

"ఏమమ్మా, కండ్లు తిరిగినాయా?"

"లేదన్నా." ఆమె నెమ్మదిగా అంది. "ఎగిరి వచ్చినాక ఆయన ఇంట్లో ఒక గంట, రెండు గంటలు మాట్లాడేవాడు గాదు. కాఫీ ఇస్తే తాగేవాడు, కిటికీ కాడ కూర్చునేవాడు. నా మింద కోపమనుకునేదాన్ని. ఎందుకు మాట్లాడవని శానాసార్లు కొట్లాడినా గూడా." ఆకాశం వైపు చూసి నవ్వింది. "ఇప్పుడు తెల్సింది. మాట్లాడబుద్ది కాదు."

ఎవరూ ఆమెను కదిలించలేదు. షెడ్డు దగ్గర వంతు కోసం నిలబడ్డవాళ్ళు గొణుగుతూనే ఉన్నారు, గాలి పోతోందని, పొద్దు పోతోందని. చాలాసేపటికి ఆమె పట్టీలు విప్పుకోబోయి, మళ్ళీ ఆగి, ఈ కొసన ఉన్న నా వైపు, ఓబులేసు వైపు చూస్తూ డాక్టరుతో ఏదో అంది. అంత దూరం నుంచి నాకు వినపడలేదు. డాక్టరు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, మైదానమంతా మారుమోగేలా అరిచాడు.

"ఓబులేసూ! ఆయమ్మ ఇంకొకసారి పోతాదంట!"

ఓబులేసు తలగుడ్డ బిగించుకుని తాళం తిప్పాడు. దగ్గకుండా, మొదటిసారికే అందుకున్నాను.